మే నెలలో స్వెటర్

మండుటెండల్లో స్వెటర్ వేసుకుని వణికే మనిషిని చూస్తే మీరు నవ్వుతారా, కారణం అడుగుతారా?

తొంభైల చివర్లో, హైటెక్ సిటీలోని మా ఆఫీసులో అందరూ నవ్వారు. బోరబండ నుంచి వచ్చే ఒక సహోద్యోగిని మే నెలలోనూ స్వెటర్ వేసుకుని, రోజూ "జర ఏసీ తగ్గించుర్రి" అని బతిమాలేది. కంప్యూటర్ ముందే కునుకు తీసేది. దిష్టి తగిలిందని అత్తగారు తాయెత్తు కట్టించింది. "ఇంత పనిదొంగవైతే ఉద్యోగం ఉండదమ్మా" అన్నాడు మేనేజర్. తాయెత్తుకూ తిట్టుకూ తేడా ఏముంది? రెండూ కారణం వెతకవు.

కారణం ఆమే వెతుక్కుంది. దవాఖానలో రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు వచ్చిన రోజు నవ్వుతూ మేనేజర్ ముందు నిలబడింది.

"సార్, నా మెడల థైరాయిడ్ గ్రంథి ఉన్నదంట. అది సరిగ పనిచేస్తలేదంట, అందుకే గీ చలి, గీ నిద్ర. పనిదొంగ నేను గాదు, అది! తిట్టేదుంటే దాన్ని తిట్టుర్రి."

మేనేజర్ పగలబడి నవ్వాడు. "సరేనమ్మా, దాని సంగతి డాక్టరు గారు చూస్తారు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే."

రోజూ మాత్ర వేసుకుంటూ కొన్ని నెలలకు ఆమె మనిషే మారిపోయింది. "ఏంది సార్ గింత ఉక్కపోత? జర ఏసీ పెంచుర్రి!" అని కేక వేసేది. వణకడం మా వంతైంది.

మీ ఇంట్లో ఎప్పుడూ చలి, నీరసం అనే మనిషి ఉంటే సోమరి అనకండి. రేపు పొద్దున్నే రక్తపరీక్షకు తీసుకెళ్లండి.