పచ్చిక మీద ఈల

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇంజనీరింగు పట్టా కొత్తగా చేతికొచ్చిన వాడికి మామూలుగా ఉండే జబ్బే ఇది, వయసుతో తగ్గిపోతుంది. నాకు మాత్రం ఒక్క మధ్యాహ్నంలో తగ్గింది. అయినా ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే సిగ్గు కంటే గర్వమే ఎక్కువ. (ఈ మాట మా ఆవిడ దగ్గర అనను. ఆవిడ ఈ కథ చాలాసార్లు విన్నది.)

మా పెద్ద మావయ్య మద్దిలపాలెంలో ఆఫీసుల కోసం ఒక భవనం కట్టించాడు. అద్దెకు వస్తామన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటే షరతు పెట్టింది: గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉండాలి. అది రాకపోతే వాళ్లు రారు, వాళ్లు రాకపోతే అంత భవనంలో మావయ్య ఒక్కడే కూర్చోవాలి. "నిన్ను సదివించింది దీనికే గదరా అల్లుడూ" అని కాగితాల పని నా చేతిలో పెట్టాడు. నన్ను చదివించింది నిజంగా ఆయనే కనుక నాకు వేరే అభిప్రాయం లేకపోయింది.

మావయ్యకు భవనం కంటే దాని ముందున్న పచ్చిక మీద ప్రేమ. కడియం నర్సరీల నుంచి చాపల్లా చుట్టించి లారీలో తెప్పించాడు. పోర్టులో లారీలకు దారి చూపించీ చూపించీ రిటైరైన ఒకాయన్ని దానికి కాపలా పెట్టాడు. మేం ఆయన్ని ఈల తాత అనేవాళ్లం. అంచున చెప్పు పడితే చాలు, ఈల మోగేది. కాకి వాలినా మోగేదని అత్త అంటుంది కానీ అది అతిశయోక్తి. కాకిని ఆయన చేత్తోనే అదిలించేవాడు.

నిబంధనల్లో 'ఖాళీ స్థలం' అని ఉన్నచోటల్లా నేను పచ్చికను చూపించి పంపాను. సర్టిఫికెట్ వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. ఖాళీ స్థలమంటే మనుషులు ఎవరైనా వచ్చి నడవడానికి, కూర్చోడానికి వీలుండాలి, చెట్టూ చేమా ఉండాలి, ఉత్త పచ్చిక పచ్చదనం లెక్కలోకి రాదు, తనిఖీకి వస్తున్నాం అని. ఈ కబురు మావయ్యకు చెప్పడం నా ఉద్యోగ జీవితంలో మొదటి సాహసం.

"గడ్డి పచ్చదనం కాదంతన్నారు మావయ్యా."

"పచ్చగా నేదేటి? మరే రంగులో ఉందిరా?"

"పైగా మనుషులు దాని మీద తిరగాలట."

మావయ్య తూర్పు వైపు చెయ్యి చూపించాడు. "కాళీ సాల్లేదంటే బీచి సూపించు. అంత కాళీ ఆల్ల ఊర్లో ఉందేటి?"

"బీచి మన స్థలంలో లేదు మావయ్యా."

"మన ఊర్లో ఉంది గదా."

చివరికి ఉపాయం నేనే చెప్పాను. (అన్నీ తెలుసన్నాను కదా.) తనిఖీ రోజున గోపాలపట్నం నుంచి మా చుట్టాలందరినీ రప్పించి పచ్చిక మీద కూర్చోబెట్టడం. ఈల జేబులోంచి తియ్యనని తాత మాటిచ్చాడు. చుట్టాలు పట్టుచీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి, గ్రూపు ఫొటోకి కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నారు. అది మే నెల. ఎండ నడినెత్తికెక్కేసరికి పిన్నులూ బాబాయిలూ ఒక్కొక్కరే మాయమయ్యారు. నేను గేటు దగ్గర తనిఖీ మేడమ్‌కి నమస్కారం పెట్టి వెనక్కి తిరిగితే, పచ్చిక మీద ఒక కర్చీఫు మాత్రం మిగిలింది.

మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చింది. పచ్చిక మీద ఒక కాలు పెట్టింది. ఈల మోగింది. ఆవిడ రెండో కాలు గాల్లోనే ఆగింది.

"అలవాటు బాబూ" అన్నాడు తాత, నన్నే ఓదారుస్తున్నట్టు.

"ఇక్కడికి మనుషులు రారాండీ?" అంది మేడమ్. నేను భవనాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టాను. అంతలో వెనక వైపు నుంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. ఆవిడ అటు నడిచింది, నేను వెంట పరిగెత్తాను.

పెరట్లో, పాత బాదం చెట్ల కింద, మిగిలిపోయిన గ్రానైటు పలకల మీద మా వంశమంతా ఉంది. బాబాయిలు ఒక పలక మీద సుద్దతో గీసి పులి-మేక ఆడుతున్నారు. భవనం కట్టేటప్పుడు తాపీవాళ్ల ఆడవాళ్లు వేసిన బీరపాదు, అరటి, కరివేపాకు నిక్షేపంగా ఉన్నాయి. అత్త కేరియర్లు విప్పేసింది. మేడమ్ ఎవరో తెలియక, "నిలబడిపోనావేటమ్మా, కూకో. సోడంబలి తాగుతావా?" అంది. మేడమ్ కూర్చుంది.

రాగి అంబలి గ్లాసు సగం అయ్యాక, "ఈ స్థలం మీ ప్లానులో లేదేం?" అని అడిగింది. ఉంది. 'పనికిరాని స్థలం' అని నా దస్తూరీతోనే ఉంది. అప్పుడు జీవితంలో మొదటిసారి నేను నిబంధనలను చూస్తూ మనుషుల్ని కాకుండా, మనుషుల్ని చూస్తూ నిబంధనలను చదివాను. కూర్చోవాలి, కూర్చున్నారు. చెట్టూ చేమా ఉండాలి, ఉన్నాయి. ఎవరైనా రాగలగాలి, మా వాళ్లే వచ్చారంటే ఎవరైనా రాగలరు.

"ఖాళీ స్థలం భవనం ముందే ఉండాలని ఎక్కడా లేదు కదండీ" అన్నాను.

ఆవిడ నా చేతిలోని కాగితాల వైపు, గ్లాసు వైపు చూసింది. "లేదు. కొలిచి, మళ్లీ గీసి పంపండి" అంది.

ఆ సాయంత్రం టేపు రెండో కొస మావయ్యే పట్టుకున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది, కంపెనీ వచ్చింది. "మా అల్లుడు పెరడు సూపించి సర్టిపికేట్ అట్టుకొచ్చీసేడు" అని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు. ఆ వాక్యాన్ని మించిన పట్టా నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నాకు ఈ సర్టిఫికెట్ల పనే వృత్తి. ఏ భవనానికి వెళ్లినా ముందు వెనక్కి వెళతాను. సర్టిఫికెట్ ఫలకాన్ని మాత్రం మావయ్య ముచ్చటపడి పచ్చిక నడిమధ్యన పెట్టించాడు. అందువల్ల దాన్ని ఇంతవరకు ఎవరూ దగ్గరికెళ్లి చదవలేదు. మొన్న అటు వెళ్లినప్పుడు, ఖాళీ స్థలం గురించి కుర్రాళ్లకు పాఠాలు చెప్పేవాణ్ని కదా, ఎవడడ్డం అనుకుని ఒక కాలు పెట్టాను. కుర్చీలోంచి ఈల మోగింది. తాతకు చూపు తగ్గింది కానీ ఊపిరి తగ్గలేదు.

"అలవాటు బాబూ" అన్నాడు.

"నాకూను" అని కాలు వెనక్కి తీసుకుని, పెరట్లోకి వెళ్లి బాదం చెట్టు కింద కూర్చున్నాను.