కరెంటు పోయినా ఆగని మమ్మీ

మా సయామ పోయారు. ఇక్కడ బర్మాలో, పబేడాన్ పేటలో, మా నాన్న మసాలా కొట్లో నేను పసుపు తూస్తుండగా ఆవిడ చెల్లెలు, మేమంతా చిన్నమ్మ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి "అక్క ఎలిపోనాది తల్లీ" అని పెట్టేసింది. తూకం అలాగే వదిలేసి బస్సెక్కాను.

సయామ అంటే బర్మా మాటలో టీచరమ్మ. చిమిండైంగ్ బజారు పక్క సందులో, చెక్కమేడ మీద, ఆదివారాలు మాలాంటి పిల్లలకు తెలుగు నేర్పేవారు. మాలాంటి అంటే, తెలుగు వింటే అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే బర్మా వచ్చే పిల్లలు. మా అమ్మ బర్మా ఆవిడ. నాన్న తెలుగులో అడిగితే నేను బర్మాలో బదులిచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

అక్షరాలు పలక మీదే దిద్దించారు గానీ, సయామ దగ్గర అసలు చదువు సాగింది ఒక దయ్యం సినిమాతో. నవ్వకండి. పబేడాన్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత ఇంగ్లీషు సినిమా, నలుపు తెలుపుది. ఈజిప్టు సమాధిలోంచి లేచి వచ్చిన మమ్మీ కథ, అందులోనూ రెండో భాగం. మొదటి భాగం మాకెప్పుడూ దొరకలేదు. సయామ టీవీ నోరు నొక్కేసి, ఒక్కొక్కరికి ఒక్కో వేషం పంచేవారు. తెర మీద ఎవరి పెదవులు కదిలితే ఆ వేషంవాళ్ళు మాట్లాడాలి. ఏమన్నా సరే, తెలుగైతే చాలు. సమాధి తలుపు తెరిచి ప్రొఫెసరు గారు "దోసె చల్లారిపోతోంది" అన్న రోజులున్నాయి.

మమ్మీకి ఆ సినిమాలో మాటల్లేవు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి, నోరు పెగలనివాళ్ళకి ఆ వేషం. దుప్పటి చుట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవాలి, అంతే. "నీకు తెలుగు రాదు" అని ఆవిడ ఎవరినీ అనగా నేను వినలేదు. ఆ దుప్పట్లో నేను చాలాకాలమే ఉన్నాను. ఒకరోజు అందరూ కేకలు పెట్టి పారిపోతుంటే నాకు ఒళ్ళు మండింది. "ఉండండి, నేనూ వస్తన్నాను!" అని అరిచాను. సయామ పేము కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

"ఓలమ్మా, ఇన్ని వేల ఏళ్ళకి నోరిప్పినాడు!"

ఆ పూట నుంచి నేను ప్రొఫెసర్ని. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ దుప్పటి చలవే.

నాకొక సందేహం ఉండేది. ఆగలేక ఒకసారి అడిగేశాను. "సయామా, మొదటి బాగంలో ఈడ్ని కాల్చీసినారంట కదా, మళ్ళీ ఎలాగ లేచినాడు?"

"కాల్చీసినారు. అయితే ఏటి? పని మిగిలిపోనాది."

"అంత మెల్లగా నడిస్తే అందరూ ఎలాగ దొరికిపోతారు?"

"ఆడు ఆగడు కదే," అన్నారు.

ఈ ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలియకపోవచ్చు. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, చెప్పి పోదు, చెప్పి రాదు. సినిమా సగంలో టీవీ ఆరిపోయేది. మేం ఉసూరుమని కూలబడితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "బొమ్మ ఆగినాది. మీరేటి ఆగిపోనారు? కానీండి." మిగతా కథ మేమే ఆడేవాళ్ళం. నిజం చెప్పాలంటే, ఆ సినిమా చివర ఏమవుతుందో నాకు చాలా ఏళ్ళు తెలియదు.

నిరుడు ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. అప్పటికి నేను ఆదివారాలు క్లాసులో ఆవిడకు సాయంగా ఉంటున్నాను. ఇక క్లాసు లేదనుకున్నాం. కాస్త కోలుకోగానే ఒక ఆదివారం చెక్కల నేల మీద కాలీడుస్తూ గదిలోకి వచ్చి, "సూడండర్రా, ఆఖరికి ఏషం నాకే వొచ్చీసినాది" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక పిల్లలు నా మొహం చూశారు. ముందు ఆవిడే నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

దినాలు అయ్యాక చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నాను తన్లిన్ ఎలిపోతాను, మా అబ్బాయి కాడికి. ఈ క్లాసు కూడా అక్కతోనే పోనీ. పిల్లలకి బర్మా మాట సాలు. తెలుగు ఎవులితో మాటాడతారు?"

"నాతో మాట్లాడతారు," అన్నాను. "ఈ ఆదివారం క్లాసుంది చిన్నమ్మా. ఈ గది ఇవ్వనంటే మా కొట్టు అటక మీద పెడతాను. మానను మాత్రం."

ఆవిడ వెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆదివారం పిల్లలు ఆ గదికే వచ్చారు. మమ్మీ వేషం సూసూది. వాన కాలంలో చేరిన పిల్ల, ఇప్పటిదాకా ఒక్క తెలుగు మాట పలకలేదు. సయామ పేము కుర్చీని ఎవరూ కదపలేదు. టీవీ పెట్టాను. మమ్మీ ఇంకా లేచీ లేవకముందే కరెంటు పోయింది. పిల్లలందరూ ఆ కుర్చీ వైపు చూశారు. కానీండి అనాల్సింది ఇప్పుడు నేనే. నేనూ ఆ కుర్చీ వైపే చూశాను.

దుప్పటి కదిలింది. సూసూ లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

వంటింటి గుమ్మంలోంచి చిన్నమ్మ అడిగింది. "కరెంటు పోనాది కదే గుంటా, ఇంకా ఎక్కడికి?"

సూసూ ఆగలేదు. దుప్పట్లోంచే చెప్పింది.

"పని ఉన్నాది."

చిన్నమ్మ వచ్చి, అక్క కుర్చీని రెండు చేతులా ఎత్తి, పిల్ల దారికి అడ్డం లేకుండా గోడ పక్కన పెట్టింది. చెక్కల మీద కాలీడుస్తున్న చప్పుడు గది ఆ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఇటు తిరిగింది.