రంగనాయకక్క పెన్సిల్ గీత

తడ స్టేషన్‌లో సాయంత్రం రైలు కోసం నిలబడినప్పుడల్లా మైకులో ముందు టింగుమని గంట మోగుతుంది. ఆ తర్వాత రికార్డు చేసిన ఆడగొంతు రైలు నంబరు, పేరు చెప్పి ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పక్కనున్నవాళ్ళు రైలెప్పుడొస్తుందా అని చెవులు రిక్కిస్తే, నేను మాత్రం ఆ యంత్రం సరైన చోట ఊపిరి పీల్చుకుందా లేదా అని వింటాను. ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి రంగనాయకక్క.

తొంభైలు ముగుస్తున్న రోజులు. పదో తరగతిలో అన్నీ గట్టెక్కి ఒక్క ఇంగ్లీషులో తప్పాను. చదవక కాదు, చదివిన తీరు అలాంటిది. గైడు పుస్తకంలోని ఉత్తరాలు, వ్యాసాలు ఒక్క ఊపిరిలో అప్పజెప్పేదాన్ని. ఒక వాక్యం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు. పరీక్షలో మధ్యలో ఒక మాట జారిపోయేసరికి వ్యాసమంతా జారిపోయింది. చిత్తూరు పక్కన మా పల్లెలో అప్పుడు మామిడి కోతల కాలం. నాయన మార్కుల కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇంగో తూరి రాయి పాపా. అదీ పోతే సదువు సాలు. గుజ్జు ఫ్యాక్టరీలో ఆడపిల్లోళ్ళను తీసుకుంటా ఉండారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. కాలేజీలో చేరాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

చదువుకోమని నన్ను పిన్ని ఇంటికి పంపారు. అది తిరుపతి దగ్గర్లో ఒక రైల్వే స్టేషన్ వెనక వీధి. ఆ స్టేషన్ పేరు చెప్పను, చెబితే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరికో మెమో ఇస్తారేమో. పిన్ని పక్కింట్లో ఉండే రంగనాయకక్క ఆ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పేది. నుదుట సన్నటి తిరుచూర్ణం, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు. నేను గోడవతల వ్యాసం అప్పజెబుతుంటే విని, రెండో రోజుకే ఓపిక చచ్చి గోడ మీదుగా తొంగిచూసింది.

"ఊపిరి తీసుకోవే తల్లీ! ఎవుర్ని గురించి చెప్తా ఉండావు?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

మర్నాడు నన్ను స్టేషన్‌లో తన మైకు గదికి తీసుకెళ్ళింది. ప్రతి ప్రకటననూ ముందు కాగితం మీద రాసి, మధ్యలో పెన్సిల్‌తో నిలువుగా ఒక గీత గీయడం ఆమె పద్ధతి. ఆ గీత దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతాది చదువుతుంది. "సూడు" అని నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి మైకు నొక్కింది. కాట్పాడి నుంచి వచ్చే ప్యాసింజర్ అని ఇంగ్లీషులో చెప్పి ఆగింది. బయట టీ తాగుతున్నాయన గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపేశాడు. మూట ఎత్తుకోబోయిన ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. అక్క మిగతాది చదివాక అందరూ ఒక్కసారిగా కదిలారు.

"ఎందుకు నిలబడిపోయినారు? ఏ రైలో తెలిసింది, దానికేమైందో తెలీలా. ఆ ముందుది సబ్జెక్టు. ఎనకది ప్రెడికేట్. పేరు ఎంత పొడుగైనా కానీ, రైలు ఒకటే కదా!"

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. కనబడిన ఇంగ్లీషు వాక్యానికల్లా గీత గీయడమే పని. బోండాలు కట్టిచ్చిన పేపరుకు నూనె మరకల మీదే గీశాను. సబ్బు కవరు మీద ఎంత వెతికినా పేరు తప్ప ఏమైందో దొరక్క, పరుగున వెళ్ళి అక్కకు ఫిర్యాదు చేశాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వాక్యాలు విడిపోతుంటే గింజలు ఒలిచినంత ఆనందంగా ఉండేది.

పరీక్ష ఇంకో పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అక్క పెన్సిలు నా చేతికిచ్చి ప్యాసింజర్ ప్రకటన నన్నే రాయమంది. రాశాను, గీత గీశాను. ఆమె నన్ను నమ్మి ఉన్నదున్నట్టు చదివింది. నా వాక్యం స్టేషనంతా మోగింది! జనం లేచారు, మూటలెత్తారు, రెండో ప్లాట్‌ఫామ్ వైపు నడిచారు. నేను గాలిలో తేలిపోయాను. అంతలో రైలు మూడో ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చింది. గీత మీద ధ్యాసలో నంబరు తప్పు రాశాను.

అక్క వెంటనే మైకు అందుకుని సరిచేసింది. పిల్లల్ని చంకనేసుకుని జనం వంతెన మీదుగా పరుగెత్తారు. గార్డు రెండు నిమిషాలు ఆపబట్టి అందరూ ఎక్కారు. స్టేషన్ మాస్టరు గదిలోకి వచ్చారు. "ఎవరిదమ్మా ఈ పని?"

"నాదే సార్, నేనే..." అని అక్క లేచింది. ఆమెది అప్పటికి పర్మనెంటు ఉద్యోగం కాదు. గోడకు అతుక్కుని ఊరుకుంటే సరిపోయేది. అయినా నా నోట్లోంచి, గైడులో ఎక్కడా లేని వాక్యం వచ్చేసింది.

"ఐ రోట్ ది రాంగ్ నంబర్, సార్."

ఆయన నన్ను, చెవి వెనక పెన్సిలు లేని అక్కను చూశారు. "రేపటి నుంచి ఈ గదిలోకి బయటివాళ్ళు రాకూడదు" అని మాత్రం అని వెళ్ళిపోయారు. అక్క వెనకే ఇంటికి నడిచాను. వీధి మలుపులో ఆమె ఆగి నా నెత్తి మీద మొట్టింది. "నేను మీదేసుకుందామంటే అడ్డం పడితివే! ఆ నంబరు తప్పుకు నాకు కోపముండాది. ఆ మాటకు మాత్రం లేదు. పో, ఇంగ పరీక్షకు భయపడబాకు."

భయపడలేదు. ప్రశ్నాపత్రంలో వచ్చిన వ్యాసం నేను బట్టీపట్టింది కాదు. చిన్న చిన్న వాక్యాలు, అన్నీ నావే రాసుకున్నాను. ఫలితాల పేపరు పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తి, గదిలోకి వెళ్ళకూడదు గనుక కిటికీ ఊచలు పట్టుకుని "ఐ పాస్డ్!" అని అరిచాను. అక్క మైకును అరచేత్తో మూసి, "మళ్ళీ చెప్పు" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. ఆ రాత్రి బస్సుకు వచ్చిన నాయన పొగడలేదు. "కాలేజీ ఫారాలు యాడిస్తారంట?" అని పిన్నిని అడిగాడు.

ఇప్పుడు తడ పక్కన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సరుకు పంపే విభాగం చూస్తాను. మొన్న నా వల్లే ఒక లోడు వేరే ఊరికి వెళ్ళింది. ఇంగ్లీషు రిపోర్టులో 'పొరపాటు జరిగినది' అని రాసి వదిలెయ్యమని నలుగురూ సలహా ఇచ్చారు, తప్పు తన మీద పడుతుందేమోనని నా కింద పనిచేసే కొత్త అమ్మాయి బిక్కమొహంతో నన్నే చూస్తోంది. కాగితం ముందుకు లాక్కున్నాను. 'ఐ' అని రాసి, ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా రాశాను.