చప్పుడు చేయని ఇన్వర్టరు

పాత వ్యానును ఇల్లుగా మార్చుకుంటున్న ఆ రిటైర్డ్ డ్రైవరు ఇన్వర్టరు కోసం ఏ కొట్టుకెళ్లినా ధర అడగడు, ఎన్ని వాట్లో అడగడు. ఆన్ చేయించి, పెట్టెకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని లోపలి ఫ్యాను చప్పుడు వింటాడు. తల అడ్డంగా ఊపి మరో కొట్టు మెట్లెక్కుతాడు. చివరికి ఒకటి నచ్చింది. బిగించడానికి వచ్చిన మెకానిక్, వెనక మంచం కింద బ్యాటరీ పక్కనే చోటు చూపించాడు.

"అక్కడొద్దు. ముందువైపు, నా డ్రైవరు సీటు వెనకాల పెట్టు."

"అంత దూరం వైరు లాగితే కరెంటు దారిలోనే సగం పోతుంది బాబాయ్. ఇన్నేళ్లు బండి నడిపారు, మీకు తెలియనిదా?"

"తెలుసురా. మీ పిన్నికి చీమ చిటుక్కుమన్నా మెలకువొచ్చేస్తుంది. తల కింద అది గుర్రుమంటుంటే ఇంకేం పడుకుంటుంది?"

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. పోయిన చలికాలం పిన్నిని శ్మశానానికి మోసినవాళ్లలో తనూ ఒకడు. వెళ్లి లావుపాటి వైరు తెచ్చి, సీటు వెనకే బిగించాడు. స్విచ్ వేయగానే డ్రైవరు వెళ్లి మంచం మీద ఓ అంచుకి ఒదిగి పడుకుని, రెండో తలగడ దగ్గరికి చెవి చేర్చాడు.

"ఏం వినపడట్లేదురా," అన్నాడు చాలాసేపటికి, గొంతు బాగా తగ్గించి.