నా సంతకంతో వెళ్లిన ప్యాకేజీ

మా నాన్నది ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం. రైతు బస్తాలు దింపగానే మొనదేలిన ఇనుప గొట్టం ఒకటి బస్తాలోకి గుచ్చి, లోపలి గింజలు అరచేతిలోకి లాగి చూస్తారు. పైన మంచి గింజ, అడుగున తాలు పోసి తెచ్చినా అక్కడే తెలిసిపోతుంది. కానీ చుట్టాల బస్తాకి గొట్టం గుచ్చరు. గుచ్చితే ఆ మనిషి బస్తాలు మళ్లీ బండికెత్తించుకుని వెళ్లిపోతాడు, ఆ తర్వాత మన ఇంట్లో పెళ్లికి పిలిచినా రాడు. చిన్నప్పుడు ఒకసారి మేనమామ బస్తాలో సరదాకి గొట్టం గుచ్చితే, మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది. అంత బాగా పట్టకుండా ఉండాల్సింది.

నేను నరసన్నపేట దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా ల్యాబ్‌లో ఉన్నవన్నీ పాత మిషన్లు. వాటి మీద లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తప్ప ఇంకేదీ కదలదు. మొబైల్ యాప్‌లు తయారు చేయడం నేర్పాలంటే ఒక టూల్‌కిట్ కావాలి. అది ఒక్క ప్రోగ్రాం కాదు, ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనిముట్ల కుప్ప. దాన్ని తయారు చేసేవాళ్లు కొత్త మిషన్లనీ మంచి నెట్‌నీ దృష్టిలో పెట్టుకుని చేస్తారు. మా పిల్లలకి ఆ రెండూ లేవు. ఒకటి ఎక్కిస్తే ఇంకోటి లేదంటుంది, అది ఎక్కిస్తే ఇది కాదు దీని పాత వెర్షన్ కావాలంటుంది. పీరియడ్ మొత్తం ఎర్ర అక్షరాలు చూడడంతోనే సరిపోయేది.

అందుకని దాన్ని నేనే ప్యాకేజీగా కట్టాను. ఏ పనిముట్టు ముందు రావాలో, ఏది ఎక్కడ కూర్చోవాలో రాసి, మా మిషన్లు మోయలేని బరువంతా విడదీసి, ఒక్క ఆదేశం కొడితే మొత్తం దిగేలా చేయడమన్నమాట. మేం వాడే లినక్స్‌ని నడిపేవాళ్లు రకరకాల దేశాల్లో ఉంటారు, జీతం లేకుండా పనిచేస్తారు. వాళ్లు నా ప్యాకేజీ చూశారు, వంకలు పెట్టారు, తిప్పి పంపారు, చివరికి తీసుకున్నారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే మెయింటైనర్‌గా నా పేరు పెట్టారు. డిజిటల్ సంతకం చేసే హక్కు ఇచ్చారు. ఆ సంతకం ఉంటేనే జనం మిషన్లు ప్యాకేజీని లోపలికి రానిస్తాయి. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి, నా పేరు చూసి తన కంప్యూటర్‌లోకి దాన్ని రానిస్తున్నాడు. నేను నా అంతట నేను సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే.

మా ఇంట్లో అది ఎవరికీ అర్థం కాలేదు. ఏం చేస్తోంది మీ అమ్మాయి అని ఎవరైనా అడిగితే, "కంప్యూటర్లో మూటలు కడతాది, ఎవలికో పంపిస్తాది" అని చెప్పేది మా అమ్మ. తప్పేం కాదు.

కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. టూల్‌కిట్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట విరుగుతుంది. నిన్నటిదాకా పనిచేసిన జావా వెర్షన్ ఇవాళ పనికిరాదు. ఒకడు థాంక్స్ చెబుతాడు, ఇంకొకడు నీ వల్ల నా రోజు పాడైందని తిడతాడు. పాడి ఆవుని ఇంట్లో పెట్టుకున్నట్టే, పండగా లేదు పబ్బమూ లేదు.

అలాంటప్పుడు మా బావ చెయ్యందించాడు. బావంటే మా అక్క మొగుడు. వాళ్లది అరసవల్లి. ఆదివారమైతే సూర్యదేవుడి గుడికొచ్చే జనంతో, ఆటోలతో వాళ్ల వీధిలో అడుగు తీసి అడుగు వేయలేరు. అందుకని పొద్దున్నే అక్కా బావా మా ఇంటికి వచ్చేసేవారు. బావ విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సులు అమ్మే ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేవాడు. తెలివైనవాడు. ఆ మాట ఇప్పటికీ కాదనను.

"ఏటి మరదలా, ఒక్కదానివే సస్తన్నావు. నాకూ కొంత ఇయ్యి, సేస్తాను" అన్నాడు.

నేను మురిసిపోయాను. ఇంట్లో ఒక్కరికైనా నా పని అర్థమైందని అందరికీ చెప్పుకున్నాను. రెండో మెయింటైనర్‌గా అతని పేరు నేనే పెట్టించాను. లినక్స్ వాళ్ల సర్వర్‌లోకి ఎక్కించడం, సంతకం చేయడం మాత్రం నా వంతు. అతను చేసిన మార్పులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాడు. భోజనాలయ్యాక నేను వాటిని నా పేరు మీదే ఎక్కించి, సంతకం చేసి పంపేసేదాన్ని.

తెరిచి చూసేదాన్ని కాదు. పరాయివాడు పంపిస్తే ప్రతి లైనూ చదువుతాను, ఒక ఖాళీ ఎక్కువున్నా తిప్పి పంపుతాను. ఆ విషయంలో నేను రాక్షసినని పేరు కూడా ఉంది. కానీ బావ ఎదురుగా మజ్జిగ గ్లాసుతో కూర్చుని ఉండగా, అతని పని విప్పి చూడడం ఎలా? ఒకసారి చూడబోయాను. "ఏటి, తనికీయా?" అన్నాడు నవ్వుతూ. పక్కనున్న అక్క నవ్వలేదు. నేను ఆ ఫైలు మూసేసి సంతకం చేశాను.

ఒక రోజు ల్యాబ్‌లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఈ టూల్‌కిట్ ఎక్కించిన కాడి నుంచి నాకు కోర్సులో సేరమని ఒకటే మెయిళ్లు వస్తన్నాయండి" అంది. నాకూ వస్తున్నాయంది పక్కమ్మాయి. వెనక వరసలోంచి ఇంకో ఇద్దరు చేతులెత్తారు. అందరికీ మెయిళ్లు పంపుతున్నది ఒకే కంపెనీ. అది మా బావ పనిచేసే కంపెనీ.

పిల్లలకి ఏదో పని చెప్పి కూర్చోబెట్టి, నా ప్యాకేజీని నేనే మొదటిసారి పరాయిదాన్ని చూసినట్టు విప్పి చూశాను. బావ తెచ్చిన మార్పుల్లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. పైకి దానికి కొత్త వెర్షన్లు వెతికే పని. లోపల చేసేది వేరు. ఎవరు ఎక్కించుకున్నా, వాళ్ల సెట్టింగుల్లోంచి ఈమెయిల్ చిరునామా తీసి ఆ కంపెనీకి పంపిస్తోంది. శుభ్రంగా, ఎక్కడా తడబడకుండా రాశాడు. దాని మీద సంతకం నాది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం గురించి విన్నాను గానీ, లెక్కపెట్టి పక్కవాడికి అప్పజెప్పడం అప్పుడే చూశాను. నాకు వచ్చింది కోపమో సిగ్గో చెప్పలేను, రెండూ ఉన్నాయి.

వరండాలోకి వచ్చి బావకి ఫోన్ చేశాను.

"ఏటిది బావా?"

"మెయిలే కదా, ఎవలి ప్రాణం పోనాది? కోర్సు సంగతి తెలిస్తే ఆళ్లకే మంచిది."

"నా సేత సంతకం పెట్టించినావు."

"మనలో మనకి నీదేటి, నాదేటి" అన్నాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. అతను మా ఇంటి అల్లుడే కదా.

ఆ సాయంత్రమే ఆ ప్రోగ్రాం పీకేసి, శుభ్రమైన ప్యాకేజీ ఎక్కించాను. ఇక మిగిలింది ఏం జరిగిందో బహిరంగంగా రాయడం. అది లినక్స్ నడిపే మా వాళ్ల నియమం. వాడినవాళ్లకి నిజం తెలియాలి, ఎవరి వల్ల జరిగిందో తెలియాలి. రాయడానికి కూర్చునేసరికి అక్క అరసవల్లి నుంచి ఆటో కట్టించుకుని వచ్చేసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఆయన పేరు రాయకే. కంపెనీవోళ్లు తప్పంతా ఆయన మీదకి తోసేస్తారు" అంది.

నాన్న కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నాడు. "అల్లుడి మాట నలుగురి నోట్లో పెట్టకూడదమ్మా. తప్పు మన కాడ జరిగినాదని రాసి ఒగ్గేయ్" అన్నాడు.

నాన్న నన్ను ఏదైనా అడగడం అరుదు. అందుకే ఒప్పుకున్నాను. మా వైపు నుంచి తప్పు జరిగింది, తీసేశాం, క్షమించండి అని రాశాను. ఎవరు చేశారో రాయలేదు. నాలుగు మాటలు పడతాను, తర్వాత జనం మర్చిపోతారు, అక్క కాపురం చల్లగా ఉంటుంది అనుకున్నాను.

మర్నాడు నా ప్రకటన కింద బావ రాసిన జవాబు కనిపించింది. మంచి ఇంగ్లీషు. రెండో మెయింటైనర్‌గా ఈ విషయం తానే కనిపెట్టాడట. తీసేయమని నన్ను ఒత్తిడి చేసింది తానేనట. ఇప్పటిదాకా ఎక్కించిందీ సంతకం చేసిందీ అంతా నేనే కాబట్టి, ఇక మీదట ప్యాకేజీ బాధ్యత తాను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడట. పెన్‌డ్రైవ్ ఊసు ఎక్కడా లేదు.

అప్పుడు జరిగినదంతా రాశాను. లినక్స్ నడిపేవాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. మార్పులన్నీ మీ పేరు మీదే వచ్చాయి, సంతకం మీదే, అతను ఆ కంపెనీ మనిషనడానికి మీ మాట తప్ప ఏముంది, నిన్న ఎందుకు చెప్పలేదు అని అడిగారు. ఏమని చెప్పను? మా వైపు అల్లుడి పేరు నలుగురిలో పెట్టరని చెప్పనా? ఎవరూ నన్ను తిట్టలేదు. సంతకం చేసే హక్కు తీసేశారు, ప్యాకేజీ బావకి అప్పగించారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగ ఏకంగా వెళ్లి ఈశ్వరుడికి నా మీద ఫిర్యాదు చేశాడు.

అక్క ఆ వారం ఫోన్ చేసింది.

"కోపమొచ్చినాదేటే?"

"బావ అలా రాస్తాడని నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలుసు" అంది. "ఎవలో ఒకలి పేరు పోక తప్పదన్నారు ఆయన. నీకు కాలేజీ ఉన్నాది. ఆయనకేటున్నాది, సెప్పు." ఆగి, గొంతు తగ్గించి మళ్లీ అంది. "అయినా బయటోడి సేతికి పోనేదు కదే. మన ఇంట్లోనే ఉన్నాది."

అది నన్ను ఎత్తిపొడవడానికి అన్నది కాదు. ఓదార్చడానికే అంది, నిజంగా నమ్మి అంది. బావ చేసినదాన్ని నేను తిట్టుకోగలను. ఆ మాటకి మాత్రం ఏం చేయాలో నాకు తోచలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను.

సోమవారం ల్యాబ్ తెరిచేసరికి మిషన్లన్నిటి మీదా ఎక్కించమంటూ కొత్త అప్‌డేట్ వచ్చి కూర్చుంది. మెయింటైనర్ దగ్గర బావ పేరు, కింద బావ సంతకం. ఈసారి ప్రతి లైనూ చదివాను. ఎక్కడా తప్పు దొరకలేదు. నేను కట్టిన ప్యాకేజీ నేను కట్టినట్టే ఉంది, పేరు ఒక్కటే మారింది. పిల్లలు ఎక్కించేయమంటారా అని అడిగారు. ఈ వారం తప్పు లేదు, వచ్చే వారం సంగతి నాకు తెలియదు. వద్దన్నాను. మా మిషన్లన్నిటిలోంచీ ఆ ప్యాకేజీని తీసేసే ఆదేశం రాశాను.

"మరి మేం యాప్‌లు దేని మీద సేస్తామండి?" అని అడిగింది ముందు వరసలో అమ్మాయి.

నిజంగా తీసేయమంటారా అని మిషన్ ఎప్పటిలాగే అడిగింది. అవునని కొట్టాను.