రెండు ఎర్రనీళ్ళు

మా అమ్మ పోయిందన్న కబురు, అయిదో తరగతి పిల్లల చేత హిందీ పాఠం చదివిస్తుండగా వచ్చింది. ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది. ఆ అమ్మాయిది కేరళ. "టీచర్, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతా మాట ఏ భాషలో చెప్పాలో ఆమెకి తోచలేదు, నాకు అవసరమూ లేకపోయింది. ముందురోజు సాయంత్రమే అమ్మ ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు లేదని నన్ను తిట్టింది. గుండె జబ్బు మనిషి, ఎప్పుడో ఒకప్పుడు పోతుందని తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం? పిల్లల్ని అల్లరి చెయ్యొద్దని చెప్పి బయటికొచ్చి, వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, నాగావళి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరి నుంచి రైల్లో మా ఇనుపగనుల ఊరు కిరండూల్ వచ్చాడు. దహనం అయ్యాక అస్థికల కుండ ఎర్రగుడ్డలో కట్టి నా చేతికిస్తూ, "మనూరు అట్టుకెల్లిపోదాం పాపా. నాగావళిలో కలిపితే అక్క సల్లగుంటాది" అన్నాడు. నేను తలూపలేదు. అమ్మ నాకు వేరే చోటు చెప్పింది. మా క్వార్టర్ల కిందుగా పారే వాగులో కలపమంది. గనిలో ఖనిజం కడిగిన నీళ్ళు కలిసి ఏడాది పొడుగునా ఎర్రగా పారే వాగు అది. పశువులు కూడా వాసన చూసి వెనక్కి తిరుగుతాయి. ఆ మాట చెప్పగానే మావయ్య నా వంక అదోలా చూశాడు. నాకు మతి చలించిందేమో అనుకున్నట్టున్నాడు. ఆయన్ని అని ఏం లాభం? అమ్మ ఆ మాట నాతో అన్నప్పుడు నేనూ ఆవిడ వంక అలాగే చూశాను.

మా నాన్న ఖనిజం మోసే కె.కె. రైలు లైన్లో గ్యాంగ్‌మన్. ఎండలో, వానలో పట్టాల వెంబడి నడిచి నడిచి, నడుం పడిపోయాక రిటైరై, కొన్నాళ్ళకే పోయాడు. అప్పటికి నాకు ఇక్కడే బడిలో ఉద్యోగం. అమ్మ నాతోనే ఉండిపోయింది. ఈ ఊళ్ళో అన్నీ ఎర్రనే. కిటికీ గూట్లో దుమ్ము, రైలు పెట్టెల మీద దుమ్ము, కాకుల రెక్కలు కూడా. "తెల్లబట్టలు కట్టుకునొచ్చినోడికి ఈ ఊరు పసుపూ కుంకం ఎట్టి పంపుతాది" అనేది అమ్మ. ఉతికిన బట్టలు ఆరేసి, దుమ్ము పడకుండా కర్ర పట్టుకుని కూర్చునే మనిషిని ప్రపంచంలో ఇంకెక్కడా చూడరు. దుమ్మునేమో కొట్టలేదు, దారిన పోయే మా బడి పిల్లలు మాత్రం ఆ కర్రని చూసి పరిగెత్తేవాళ్ళు.

నీళ్ళ దగ్గర మాత్రం ఆవిడ వేళాకోళానికి దొరికేది కాదు. కుళాయి నీళ్ళు శుభ్రంగానే వచ్చేవి. అయినా తెల్లటి పంచె ముక్క నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడకట్టేది. తరవాత ఆ గుడ్డని వెలుగులో పట్టి చూసేది. మరక లేదని నిశ్చయమయ్యాకే నాకు గ్లాసు ఇచ్చేది. "నీటికి నోరు లేదే గుంటా, మనమే అడగాల" అనేది. యాభై ఏళ్ళు దాటిన దాన్ని, నేనింకా ఆవిడకి గుంటనే. చిన్నప్పుడు వాగు వైపు వెళ్ళానని తెలిస్తే వీపు చీరేసేది. మిగతా పిల్లలు వాన పడితే ఆ ఎర్ర బురదలో గెంతేవాళ్ళు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని. అమ్మ మనసు రాయి అనుకునేదాన్ని.

సంగతి చెప్పింది నాన్న. అదీ ఒక్కసారే, అమ్మ సంతకి వెళ్ళినప్పుడు.

నాకు ముందు ఒక అన్న ఉండేవాడు. తొలి కాన్పు పుట్టింట్లో అయ్యాక, అయిదో నెల బిడ్డని ఎత్తుకుని అమ్మ మొదటిసారి ఈ ఊరు వచ్చింది. మండు వేసవి. వస్తూనే వాగుని చూసింది. నిండా ఎర్రటి నీళ్ళు. అమ్మ పుట్టిన ఊళ్ళో ఎర్రనీరంటే మామూలు మాట కాదు. పై కొండల్లో తొలి వానలు పడి నాగావళికి కొత్తనీరు వస్తే, "ఎర్రనీరొచ్చిందోయ్" అని ఊరంతా కేక. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తీసుకెళ్ళి నీటిలో వదిలి, ఆ నీళ్ళు దోసిట పట్టి పిల్లల నెత్తిన చల్లేవాళ్ళు. "పెద్దోడివవ్వు, పెద్దదానివవ్వు" అనేవాళ్ళు. ఎర్రనీరు తగిలిన బిడ్డ ఏరు పెరిగినట్టు పెరుగుతుందని వాళ్ళ నమ్మకం.

అయినా అమ్మ తొందరపడలేదట. కొత్త ఊరు కదా, అడిగింది. గుమ్మంలోకి చింతపండు అమ్మడానికి వచ్చిన గోండు ఆవిడకి వాగు చూపించి సైగ చేసింది. ఆవిడ చెయ్యి ఆడిస్తూ "లాల్ పానీ, లాల్ పానీ" అంది. అమ్మకి అప్పటికి హిందీ ముక్క రాదు. పక్క క్వార్టర్లో మన విజయనగరం వైపు పిన్నిగారుంటే ఆవిడని అడిగింది. పిన్నిగారు పిండి రుబ్బుకుంటూ, తల ఎత్తకుండానే, "ఎర్రనీరు అంటన్నాది" అని చెప్పింది. అమ్మ మొహం వెలిగిపోయిందట. ఎండాకాలంలోనే ఎర్రనీరొచ్చిన ఊరు, ఎంత చల్లని ఊరో అనుకుంది. పసుపూ కుంకుమా తీసుకుని, బిడ్డని చంకనేసుకుని వెళ్ళింది. నెత్తిన చల్లింది. ఒళ్ళంతా తడిపింది. పెదాలకీ తాకించింది.

హిందీ చెప్పుకుని బతికేదాన్ని, ఎన్నోసార్లు ఆలోచించాను. లాల్ పానీ అంటే ఎర్రనీరే. పరీక్షలో పిల్లవాడు అలా రాస్తే నేనూ పూర్తి మార్కులు వేస్తాను. కానీ ఇక్కడి వాళ్ళ నోట ఆ మాట ఒక హెచ్చరిక. ముట్టుకోవద్దు, తాగొద్దు అని. మాట సరిగ్గానే వచ్చింది, అందులోని భయం మాత్రం తెలుగులోకి రాలేదు.

వారం తిరక్కుండానే బిడ్డ జ్వరంతో పోయాడు. ఆసుపత్రిలో మలేరియా అన్నారు. ఆ ఏడు ఎన్నో ఇళ్ళలో పిల్లలకి అదే జ్వరం. నాన్న డాక్టరు మాట నమ్మాడు. అమ్మ నమ్మలేదు. పసిబిడ్డ కదా, కాల్చలేదు. వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద పూడ్చిపెట్టారు. తరవాత్తరవాత వాగు ఎర్రమట్టి మేట వేసుకుంటూ పక్కకి జరిగింది. ఆ చెట్టూ పోయింది, ఒడ్డూ పోయింది. ఫలానా చోటని చూపించడానికి ఇవాళ ఏమీ లేదు.

నాన్న పోయాక అమ్మ బాగా మౌనమైపోయింది. ఆవిడకి ఒక మంచి నది చూపించాలని నాకు పట్టుదల పుట్టింది. ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం ఉంది. చలికాలంలో తెల్లగా పాలలా దూకుతుంది, కింద పడవలో తిప్పుతారు. దేశం నలుమూలల నుంచీ వస్తారు, ఇంత దగ్గరున్న మేం చూడలేదు. అడిగినప్పుడల్లా, "నది సూసి నానేటి సేస్తాను, నదికి నానంటే తెలుసా ఏటి" అని తోసేసేది. నిరుడు చలికాలంలో ఎందుకో మెత్తబడింది. "సరే, ఓపాలి ఎల్దాం" అంది. ఎక్కడ మనసు మార్చుకుంటుందో అని ఆ ఆదివారమే జీపు మాట్లాడాను.

ముందు రెండు రోజులు వాయుగుండమని ముసురు పట్టింది. అది నా బుర్రకి ఎక్కలేదు. దారిలో ఒకచోట జవాన్లు జీపు ఆపి సంచులు వెతికారు. పులిహోర డబ్బా తెరిచి చూస్తున్న కుర్రాడితో అమ్మ, "ఆవాలెక్కువ పడ్డాయి నాయినా, ఏటనుకోకు" అంది. అతనికి తెలుగు రాదు. అయినా నవ్వాడు. దంతెవాడ, గీదం దాటి, అడవి దాటి, జలపాతం దగ్గర దిగాం. గుర్రపు లాడంలా వంగిన కొండ అంచు మొత్తం మీంచి దూకుతున్నది పాలు కాదు. ఎర్రటి నీళ్ళు. మా వాగు రంగే.

"అమ్మా, వెనక్కి పోదాం, ఇంకోసారి వద్దాం" అన్నాను. అమ్మ వినిపించుకోలేదు. నా భుజం పట్టుకుని, ఆగి ఆగి ఆయాసం తీర్చుకుంటూ, కిందికి దిగడం మొదలుపెట్టింది. పడవ దగ్గర నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడిగితే, "ఇదేటే, గంగిరెద్దులాగ" అని విసుక్కుంది. పడవవాడు నడివయసు మనిషి. అమ్మకి చెయ్యి అందిస్తూ, భయపడకు పెద్దమ్మా అని ధైర్యం చెప్పబోయాడు.

"ఆజ్ లాల్ పానీ హై, దాయీ. డరో మత్."

అమ్మ చెయ్యి అతని చేతిలో అలాగే ఉండిపోయింది. అమ్మ నా వైపు తిరిగి అడిగింది.

"ఏ లాల్ పానీ? మన ఏటిదా, ఆల్ల గనిదా? అడుగు."

ఎన్నేళ్ళుగా హిందీ చెబుతున్నానో, ఆ ప్రశ్నని హిందీలో ఎలా అడగాలో నాకు తెలియలేదు. చివరికి, ఈ ఎరుపు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను. అతను పైకి చెయ్యి చూపించి, "ఊపర్ పానీ గిరా హై. ఖేత్ కీ మిట్టీ హై, ఔర్ క్యా" అన్నాడు. పైన వాన పడింది, పొలాల మట్టి, ఇంకేముంటుంది అని. నేను చెప్పేలోపే అమ్మకి అర్థమైంది. ఎక్కి కూర్చుంది.

పడవ జలపాతం వైపు కదిలింది. తుంపర మొహాన కొడుతోంది. పక్క పడవలో ఎవరో ఫోటోలు తీసుకుంటూ కేరింతలు కొడుతున్నారు. అమ్మ వంగి నీటిలో చెయ్యి పెట్టింది. వేళ్ళ మధ్య రుద్ది చూసింది. దోసిట పట్టి, నీళ్ళు కారిపోనిచ్చి, అరచేతిలో మిగిలిన మట్టిని చూసింది. "మన్నే. మెత్తని మన్ను" అంది. మళ్ళీ దోసిలి నింపి నా నెత్తిన పోసింది.

"పెద్దదానివవ్వు."

నా నెరిసిన జుట్టు మీంచి నీళ్ళు కారి, ఆ రోజుకని ఇస్త్రీ చేసి కట్టుకున్న చీర పాడయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పరవాలేదు, అమ్మ మనసు తేలికపడింది, నా ప్రయాణం ఫలించింది అనుకున్నాను. ఆ ఊపులో, ఎన్నడూ ఎత్తని మాట ఎత్తాను. "అమ్మా, డాక్టరు మలేరియా అన్నాడు కదా. నీ తప్పు కాదు" అన్నాను.

"డాకటేరు సెప్పింది నాకూ ఇనబడింది" అంది అమ్మ, కోపం లేకుండా. "అయుండొచ్చు. కాకపోనూవచ్చు. ఆ నీరు ఆడి నోట్లో ఎట్టింది నా సెయ్యి. ఆ సేతికి ఏటి సెప్పీది?"

తరవాత అమ్మ ఆ నదిని మెచ్చుకుంది. ఎంత సక్కటి నీరో అంది. అలా అంటూనే, "నాను పోయాక నన్నిలాటి సోట కలపకు. మన వాగులోనే కలుపు" అంది.

"ఆ కంపులోనా? నీకేమైనా పిచ్చా?" అని అరిచాను. పడవవాడు తెడ్డు ఆపి చూశాడు.

"ఆడక్కడున్నాడు గదే. పాలు కూడా మరవలేదు. నాను మంచి నీల్లలోకి ఎల్లిపోతే ఆడికెవులున్నారు?"

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆనందంగా గడపాలని తీసుకెళితే ఈ బరువు నా నెత్తిన పెట్టిందని. నాన్న పోయినా, ఇంతకాలం గడిచినా, బతికున్న నా పక్కన కూర్చుని వాడి గురించే ఆలోచించిందని కూడా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం. ఆ ప్రయాణం వల్ల ఆవిడకి మేలు జరిగిందో, మానుతున్న పుండుని నేను కెలికానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇంటికొచ్చాక కూడా అమ్మ నీళ్ళు వడకట్టడం మానలేదు. నాలుగు మడతలే.

మావయ్యకి ఇదంతా చెప్పాను. బిడ్డ పోయాడని ఆయనకి తెలుసు గాని, ఎలా పోయాడో అమ్మ పుట్టింట్లో ఎవరికీ చెప్పుకోలేదట. కండువా దులుపుకుని లేచి, "పద. అక్క మాట" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వాగులోకి దిగాం. ఆ నీటిలో కాలు పెట్టడం నాకు అదే మొదలు. చల్లగా ఉంటుందనుకున్నాను, లేదు. అడుగున మట్టి పాదాల్ని లోపలికి లాగుతోంది. మావయ్య పాలు పోశాడు. నేను కుండ వంచాను. ఎముకలు వెంటనే మునిగిపోయాయి. బూడిద మునగలేదు, ఎరుపులో కలవలేదు. తెల్లటి చారలా సాగి, నీటితో పాటు నడిమధ్యకి పోకుండా మేట వేసిన ఒడ్డునే పట్టుకుని కదిలింది. ప్రతి వంపు దగ్గరా కాస్త ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి, అన్నీ ఒకేలా ఉండే క్వార్టర్ల వరసలో తన వాళ్ళ తలుపు ఏదో తెలియక, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి చూసుకుంటూ పోతున్నట్టు.