సుగుణమ్మ గారి పచ్చిక

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ కింద తోటమాలి గడ్డి కత్తిరిస్తుంటే, మంచులో తడిసిన ఆ పచ్చి వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ వాసనకి మిగతావాళ్ళకి ఏం గుర్తొస్తుందో తెలియదు కానీ నాకు మాత్రం మినుములు గుర్తొస్తాయి. వాటి వెనకాలే మా హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ గారు.

డెబ్బయ్యవ దశకం చివర్లో, తణుకు దగ్గర ఒక ఊళ్ళో, మిషన్ వారి ఆడపిల్లల హైస్కూల్లో కొత్తగా సైన్సు టీచరుగా చేరాను. సుగుణమ్మ గారిది తెల్ల చీర, చేతిలో గొడుగు, గంటలాంటి గొంతు. స్కూలు మెట్ల ముందు ఆవిడ పచ్చిక పెంచారు. చుట్టూ కనుచూపు మేర వరి తప్ప మరోటి కనబడని చోట, పశువులకి వేయడానికి కూడా కాకుండా ఉత్తినే చూడ్డానికి గడ్డి పెంచడం ఊరందరికీ వింతే. దాని ముందు "పచ్చికపై నడవరాదు" అని బోర్డు. ఆ బోర్డు మాట అందరికంటే బాగా విన్నది ఆవిడే. అడ్డంగా నాలుగడుగులు వేస్తే తన గది వస్తుందని తెలిసీ, ఎండలో గొడుగేసుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

ఆ ఏడు డిసెంబరు ఆఖరున ఆవిడ రిటైరవుతున్నారు. ఆవిడ కోరింది ఒక్కటే, వీడ్కోలు సభ హాల్లో కాకుండా తన పచ్చిక దగ్గర పెట్టమని. దాన్ని అప్పటిదాకా పచ్చగా కాపాడే పని నా నెత్తిన పెట్టారు. "మీరు రైతు బిడ్డ కదండీ" అన్నారు. రైతు బిడ్డకి వరి తెలుసు గానీ ఈ వైభోగం ఏం తెలుస్తుంది?

చలికాలంలో ఆ గడ్డికి చేసే సేవ ఇంతా అంతా కాదు. పక్కనున్న బాదం చెట్టు దాని మీద ఎర్రటి ఆకులు రాల్చేది. ఒక్క ఆకు రాత్రంతా గడ్డి మీద పడి ఉన్నా కింద మచ్చ పడుతుందని ఆవిడ నమ్మకం. పొద్దెక్కాకే తడపాలి, మరీ కురచగా కత్తిరించకూడదు. "చలికి గడ్డి నిద్రపోతుందండీ, లేపకండి" అనేవారు. ఇంత చేసినా డిసెంబరు మొదటి వారానికి అది పసుపెక్కి, మధ్యలో పలచబడిపోయింది. "సభనాటికి తేరుకుంటుందంటారా?" అని ఆవిడ రోజూ అడిగేవారు. అలా అడిగేటప్పుడు ఆ గంటలాంటి గొంతు తగ్గిపోయేది. నాకు చాలా జాలేసేది.

సరిగ్గా అప్పుడే మా నాన్న వచ్చాడు. విత్తనం మినుములు కొనుక్కుని ఊరెళ్తూ, నన్ను చూసిపోదామని మూటతో సహా స్కూలుకి వచ్చాడు. నేను క్లాసులో ఉన్నాను. మా వైపు వరి కోతకి ముందు తడిగా ఉన్న చేల్లోనే మినుములు చల్లేస్తారు. ఆ తర్వాత పంటంతా మంచుకే పండుతుంది. ఆ రోజుల్లో తడినేల ఖాళీగా కనబడితే నాన్నకి చెయ్యి ఊరుకోదు. నేను బయటికి వచ్చేసరికి పచ్చిక మీద పని కానిచ్చేశాడు.

"ఏం చేశావు నాన్నా?"

"నేలలో ఇంత తడి పదును పెట్టుకుని ఉత్తినే వదిలేశారేంటే? చల్లడం మర్చిపోయినట్టున్నారని నేనే చల్లేశాను. మంచుకే లేచిపోద్ది."

నాకు ఏడుపొచ్చింది. ఏరదామని వంగాను గానీ ఎన్నని ఏరను? నేను కేకలేస్తుంటే, తప్పేమిటో అర్థం కాక నాన్న మూట భుజానేసుకుని వెళ్ళిపోయాడు. వెంటనే సుగుణమ్మ గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"తడపడం మాత్రం ఆపకండి" అన్నారు చివరికి. "ఏం మొలుస్తుందో చూద్దాం. సభకి మీ నాన్నగారిని కూడా పిలవండి. ఆయన రాకపోతే నేనూ రాను."

మొలిచింది మినుమే. సభనాటికి పసుపు మచ్చలన్నీ కప్పేసి, బెత్తెడెత్తున నిగనిగలాడుతూ నిలబడింది. కుర్చీలు అంచున వేయించి, మొదటి వరసలో నాన్నని కూర్చోబెట్టాం. ముఖ్య అతిథిగా వచ్చిన విద్యాశాఖ అధికారి తెగ మెచ్చుకున్నారు.

"చలికాలంలో ఇంత పచ్చదనమా! ఇది ఏం రకం గడ్డండీ?"

సుగుణమ్మ గారు అబద్ధమాడగా ఎవరూ వినలేదు. ఇప్పుడెలాగా అని నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ మాత్రం రెప్పయినా వేయకుండా "స్థానిక రకం అండి" అన్నారు. టీచర్లందరం పైట చెంగులు నోట్లో కుక్కుకున్నాం.

దండలు, ప్రసంగాలు అయ్యాక ఆవిడ మా నాన్న వైపు తిరిగారు.

"ఇందులో నడిస్తే పాడవుతుందాండీ?"

"చేలో దిగకుండా వ్యవసాయం ఎలాగవుద్దండి, మేడమ్ గారూ?" అన్నాడు నాన్న.

ఆవిడ గొడుగు నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, బోర్డు దాటి లోపలికి అడుగేశారు. మెల్లగా మధ్యదాకా వెళ్ళి ఆగి, చిన్నపిల్లలా ఇటు తిరిగి కేకేశారు. "చల్లగా ఉందండీ! ఇన్నేళ్ళూ చుట్టూ తిరిగాను!" ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పలేను. నేను మాత్రం ఏడ్చాను.

తర్వాత నేనూ హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. మేం నేర్పినదొకటి, పిల్లల్లో మొలిచింది మరొకటి అయినప్పుడల్లా మందలించడానికి నోరు తెరిచేదాన్ని. అంతలో 'స్థానిక రకం' అని గుర్తొచ్చి నవ్వొచ్చేది. మరి కొన్నాళ్ళు తడిపి చూద్దాంలే అనుకునేదాన్ని. చాలాసార్లు మంచే జరిగింది.

ఇవాళ కాఫీ తాగేసి కిందికి దిగాను. చెప్పులు విడిచి గడ్డిలో అడుగుపెట్టాను. తోటమాలి పరుగెత్తుకొచ్చాడు.

"బోర్డు చూడలేదాండీ మేడమ్?"

"చూశాను బాబూ" అన్నాను. "చల్లగా ఉంది. నువ్వూ రా."